గొట్టం తోక ఊపిన ఆరు వారాలు

ఏమే కోడలు పిల్లా, ఆ పళ్లు కాస్త లోపల పెట్టు. ఇంకా భుజం మీద సంచీ కూడా దించలేదు, అప్పుడే నా వేలి కట్టు చూసి ఇకిలిస్తున్నావు. కట్టు కట్టుకున్న మేనమామ కనబడితే "అయ్యో, ఏమైంది మామయ్యా" అని ముందు అడగాలి. నవ్వడం ఆ తర్వాత. హాస్టల్లో కూర్చుని రెండేళ్లు పుస్తకాలు నమిలి నువ్వు నేర్చుకున్న మర్యాద ఇదేనా?

పైగా "నన్నెవరూ బోల్తా కొట్టించలేరు" అని ఒకటే గొప్పలు. ఆరేళ్లప్పుడు నా తెల్లరంగు డబ్బా చూపించి వెన్న అంటే వేలు ముంచి నోటిదాకా తెచ్చుకున్నావు. నేను చెయ్యి పట్టుకోకపోతే ఈపాటికి నీ కడుపు లోపలి గోడలకి రెండు కోటింగులు పడి ఉండేవి. సరే, కూర్చో. ఆరు వారాల నుంచి నీకు ఫోనులో చెబుతున్నది కూడా అబద్ధమే. "గొట్టానికి కాస్త నడుం పట్టింది, అంతే" అంది కదూ మీ అమ్మ? నీ పరీక్షలు పాడవుతాయని అలా అంది. అసలు సంగతి నేను చెబుతాను.

అదిగో మన కుక్క, కిటికీ కింద పరుపు మీద పడుకుని మన వైపే చూస్తోంది. వెళ్లి ముద్దు చెయ్యి. ఎత్తుకోకు. ఎత్తుకోవడానికి ఒక పద్ధతి ఉంది, తర్వాత నేర్పిస్తాను.

దానికి గొట్టం అని పేరు పెట్టింది నేనే కదా. జానెడు కాళ్లు, బారెడు ఒళ్లు. తల ఈ గదిలోకి వచ్చాక తోక రావడానికి టీ తాగేంత సేపు పట్టేది. ఆ ఒళ్లే దాని కొంప ముంచింది. అలాంటి పొడుగు కుక్కలకి వెన్ను మధ్యలో ఎక్కువ బరువు పడుతుందట. ఆ రోజు పొద్దున సోఫా మీద నుంచి దూకి కుయ్యిమంది. మధ్యాహ్నానికల్లా వెనక కాళ్లు రెండూ తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. ముందు కాళ్లతో ఒళ్లంతా ఈడ్చుకుంటూ మీ నాన్న కుర్చీ దాకా వచ్చింది. ఒళ్లోకి ఎక్కాలని చూసింది. ఎక్కలేకపోయింది. మళ్లీ చూసింది.

మీ నాన్న సంగతి నీకు తెలుసు. ముప్ఫై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక కొట్టు మూసేసి ఇంట్లో కూర్చున్నాడు. నవ్వడం అంతకు ముందే మూసేశాడనుకో. ఒకసారి ఆయన కొట్లో ఉన్న గడియారాలన్నీ గంట ముందుకి తిప్పి పెట్టాను. పాపం, పన్నెండింటికే ఇంటికొచ్చి అన్నం పెట్టమని కూర్చున్నాడు. అప్పుడైనా నవ్వాడా? "ఒంటిగంటకి మళ్లీ ఆకలేస్తుంది, ఇంకోసారి పెట్టమను" అన్నాడంతే. అలాంటి మనిషికి గొట్టం ఒళ్లో ఉంటే చాలు, వణుకు కాస్త తగ్గుతుంది. దాని వీపు మీద చెయ్యి వేసుకుని గంటలు గంటలు కూర్చుంటాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోరు.

మన వీధి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన చూసి, "ఇది నా చేతిలో పని కాదు. నరాల డాక్టరమ్మ ఉంది, ఇప్పుడే వెళ్లండి, రేపు అనొద్దు" అన్నాడు. కుక్కలకి నరాల డాక్టరేమిటి అనుకున్నాను. నా నరాలు తెంపిన డాక్టర్లు చాలామంది తెలుసు కానీ, నరాలు చూసే డాక్టరు జంతువులకి కూడా ఉంటారని అప్పుడే తెలిసింది.

ఆ ఆసుపత్రి చూడాలే నువ్వు. నేలంతా రబ్బరు చాపలు పరిచారు, కాళ్లు పట్టు తప్పిన జీవాలు జారిపోకుండా. ఒకావిడ ఒళ్లో పిల్లి, మెడ పక్కకి వాల్చి చూస్తోంది, ఎవరో చెవిలో రహస్యం చెబుతున్నట్టు. ఇంకో పెద్దాయన నల్లకుక్కని పక్కన పడుకోబెట్టుకుని చిన్న నోటుపుస్తకం తిరగేస్తున్నాడు. దానికి మూర్ఛ వచ్చిన ప్రతిసారీ ఎన్ని నిమిషాలు ఉందో అందులో రాసి పెట్టుకున్నాడు. రెండేళ్ల పుస్తకం. ఊరుకోలేక నేను పిల్లి ఆవిడతో, "మీ పిల్లి నన్ను అనుమానంగా చూస్తోందండీ, నేనేమీ ఎత్తుకుపోలేదని చెప్పండి" అన్నాను. ఆవిడ నవ్వింది. నవ్వి, వెంటనే కళ్లు తుడుచుకుంది. 

డాక్టరమ్మ ఇంతే ఉంటుంది, నీ భుజం దాకా. బల్ల మీద ఎక్కించమనలేదు. తనే నేల మీద మఠం వేసుకుని గొట్టం పక్కన కూర్చుంది. చిమటాలాంటి దానితో ముందు కాలి వేలు నొక్కింది. గొట్టం కయ్యిమని తల తిప్పింది. తర్వాత వెనక కాలి వేలు నొక్కింది, ఇంకా గట్టిగా. కాలు టక్కున ముడుచుకుంది.

నేను ఎగిరి గంతేశాను. "తెలిసింది డాక్టరు గారూ! కాలు లాక్కుంది, చూశారా!"

"లాక్కుంది. మరి తల తిప్పిందా?"

తిప్పలేదు. దాని చూపంతా నా జేబులో ఉన్న బిస్కెట్టు మీదే ఉంది.

"ఇక్కడే అందరూ పొరబడతారండీ" అంది ఆవిడ. "కాలు లాక్కోవడం వెన్నుపాము తనంతట తాను చేసే పని. పైకి కబురు వెళ్లనక్కర్లేదు. నొప్పి అనే కబురు మెదడు దాకా వెళ్తే తల తిప్పుతుంది, అరుస్తుంది, కరవడానికి వస్తుంది. కాలు కదిలినా తోక కదిలినా మురిసిపోకండి. తల తిప్పిందా లేదా, అదొక్కటే చూడండి."

మీ నాన్న నెమ్మదిగా అడిగాడు. "అంటే, గంట కొడుతోంది కానీ ముళ్లు తిరగడం లేదు. అంతేనా?"

"సరిగ్గా అంతేనండీ."

సొరంగంలాంటి మిషన్లో పడుకోబెట్టి ఫోటోలు తీశారు. వెన్నుపూసల మధ్య మెత్తటి దిండులాంటిది ఉంటుందట. అది చిట్లి వెన్నుపాము మీద పడి నొక్కుతోందన్నారు. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. "మళ్లీ నడుస్తుందా" అంటే డాక్టరమ్మ తియ్యటి మాట ఒక్కటీ చెప్పలేదు. "సగం అవకాశం ఉంది. సగం లేదు" అంది.

అయిదు రోజులకి ఇంటికి పంపించారు. వీపు బోడిగా గీసేసి ఉంది, నడుం మీద జిప్పు కుట్టినట్టు కుట్లు. వెనక కాళ్లలో చలనం లేదు. ఆ రోజు డాక్టరమ్మ గదిలో జరిగిన మాట నీకు చెప్పాలి, ఎందుకంటే నా కష్టాలన్నీ అక్కడే పుట్టాయి.

"లేవకపోయినా దిగులు పడకండి" అంది ఆవిడ. "వెనక చక్రాల బండి కట్టుకుని హాయిగా తిరిగే కుక్కలు చాలా ఉన్నాయి."

"బండి సరేనండీ. కానీ ఇది ఉచ్చ తనంతట తాను పోయలేదన్నారు. రోజుకి నాలుగైదుసార్లు పొట్ట నొక్కి తీయాలన్నారు." మీ నాన్న రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. అవి బల్ల మీద కూడా ఆగలేదు. "ఇవీ నా చేతులు. మా ఆవిడ ఫ్యాక్టరీకి పొద్దున వెళ్తే మళ్లీ సాయంత్రమే. ఒక ఆరు వారాల పాటు మధ్యాహ్నం పూట పరుగెత్తుకొచ్చి వెళ్తానంటోంది. జీవితాంతం ఎలా వస్తుంది?"

"ఇంట్లో ఇంకెవరూ లేరా?"

"ఉన్నాడు. బావమరిది."

ఇద్దరూ కలిసి నా వైపు చూశారు.

"వాడికి పని చెబితే ఆ పని చచ్చిపోతుందండీ" అన్నాడు మీ నాన్న.

నాకు రోషం వచ్చిందా? వచ్చింది. కానీ మన గోడకి ఈ పక్క రంగు వేసి ఆ పక్క వెయ్యడానికి నాకు మూడేళ్లు పట్టిన మాట కూడా నిజమే కదా. 

మీ నాన్న లేచి నిలబడి, గొట్టానికి వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించి అన్నాడు. "ఆరు వారాలు చూస్తాను డాక్టరు గారూ. అప్పటికీ దానికి నొప్పి తెలియకపోతే, అది తడిలో ఈడ్చుకుంటూ బతకడం నేను చూడలేను. మీరే ఒక ఇంజెక్షన్ ఇచ్చి పంపించెయ్యండి."

డాక్టరమ్మ "అప్పుడు చూద్దాం లెండి" అంది. నాకు నువ్వు గుర్తొచ్చావు, నేల వైపు చూశాను.

మీ నాన్న మందుల కిటికీ దగ్గర నిలబడి ఉండగా, అక్కడ వ్యాయామాలు చేయించే అమ్మాయి నన్ను చాటుకి పిలిచింది. అన్ని కుక్కల్నీ ఈల వేసి పిలుస్తుంది కాబట్టి నేను ఈలమ్మాయి అంటాను.

"బాబాయ్, మీకొక చిలిపి పని చూపిస్తాను. ఎవరికీ చెప్పరుగా? ముఖ్యంగా మీ బావగారికి. డాక్టరమ్మకి తెలిస్తే నా పని అయిపోతుంది."

ఎవరికీ చెప్పకూడదు అన్న మాట నాకు వినిపించడం, చీమకి పంచదార చూపించడం, రెండూ ఒకటే.

గొట్టం తోక మొదట్లో, కింది వైపు, వేలితో మెల్లగా గీరింది. తోక లేచి టపటపా కొట్టుకుంది! "వెనక కాలి వేళ్ల మధ్య గిల్లితే కాలు తంతుంది. కడుపు కింద తువ్వాలు వేసి లేపితే నాలుగు కాళ్ల మీద నిలబడినట్టే కనబడుతుంది" అంది. "కానీ ఒకటి బాబాయ్. ముందు పొట్ట ఖాళీ చెయ్యాలి. పొట్ట నిండుగా ఉంటే తోక మొరాయిస్తుంది." అది ఎలా నొక్కాలో కూడా చూపించింది. రెండు చేతులూ పొట్టకి రెండు వైపులా పెట్టి, రంగు ట్యూబులోంచి ఆఖరి బొట్టు పిండినట్టు మెల్లగా. మొదటిసారి నేను నొక్కితే నా ప్యాంటు, చొక్కా, జేబులో ఉన్న బీడీకట్ట కూడా తడిసింది.

ఇంటికి వస్తుంటే నా బుర్ర గిర్రున తిరిగింది. మీ నాన్న ఆశ వదిలేస్తే కుక్క పోతుంది. ఆశ వదలకూడదంటే ఏదో ఒకటి కనబడుతూ ఉండాలి. కనబడేలా చెయ్యడం నా చేతిలో ఉంది. నాకు పుట్టుకతో వచ్చిన విద్య అదొక్కటే కదే. ఇన్నాళ్లూ జనాన్ని ఏడిపించడానికి వాడాను, ఒక్కసారి ప్రాణం నిలబెట్టడానికి వాడదాం అనుకున్నాను.

మర్నాడు పొద్దున, పొట్ట పిండి, తుడిచి, గొట్టం వెనక కూర్చున్నాను. మీద దుప్పటి కప్పాను. దుప్పటి కింద నా చెయ్యి. "బావా! బావా! ఇలా రా! నిన్ను చూసి తోక ఊపింది!"

మీ నాన్న కళ్లజోడు పైకి తోసుకుని వచ్చాడు. దుప్పటి కదులుతోంది.

"ఊపిందా?"

"ఊపింది! చూడు, చూడు!"

"ఎంతసేపు ఊపుతుందో చూద్దాం" అని చేతి గడియారం విప్పి పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. మూడు నిమిషాలు! నా వేలు పడిపోయింది. "బాగానే ఊపుతోంది. మధ్యాహ్నం కూడా ఊపుతుందేమో చూడాలి" అని లేచి వెళ్లాడు. గొంతులో ఏ భావమూ లేదు. నేను లోలోపల గంతులేశాను. చేప గాలానికి తగిలింది అనుకున్నాను.

కానీ ఆ చేప మామూలుది కాదే. మధ్యాహ్నం కాలు తన్నింది అంటే, "కుడికాలు తన్నింది. ఎడమకాలు తన్నలేదే" అంటాడు. ఇక నేను ఎడమకాలు కూడా గిల్లాలి. సాయంత్రం తువ్వాలు పట్టుకుని లేపి "నిలబడింది బావా!" అంటే, "తువ్వాలు ఎందుకు?" అంటాడు. "పడిపోకుండా, ఊరికే" అంటాను. "సరే, పడిపోయేదాకా నిలబెట్టు" అని మళ్లీ గడియారం తీస్తాడు. అయిదు నిమిషాలు వంగుంటే నా నడుం గొట్టం నడుం కంటే ముందు విరిగేలా ఉంది. ఒక రోజు కునుకు పట్టి టైము దాటిపోతే, "ఇవాళ పొద్దున తోక ఊపలేదు, చూశావా? దిగజారుతోంది" అని నిట్టూర్చాడు. ఇంకేముంది, నా నిద్ర ఎగిరిపోయింది. పదింటి ముందు లేవని నేను ఆరింటికి లేచి కుక్క ఉచ్చ పిండుతున్నానంటే నమ్ముతావా?

మీ అమ్మ మొదటి వారం మధ్యాహ్నం పూట పరుగున వచ్చేది. వచ్చి పొట్ట పట్టి చూసి, "ఇదేంటి, ఖాళీగానే ఉంది? దానంతట అదే పోస్తోందా ఏంట్రా?" అంది.

"అవునక్కా! రాత్రి నుంచీ అంతే! నేను కళ్లారా చూశాను!"

"పోనీలే తమ్ముడూ, నాకు ఒక పరుగు తప్పింది" అని మర్నాటి నుంచి మానేసింది. ఒక్క అబద్ధంతో రెండు పిట్టలు అనుకుని మీసం దువ్వుకున్నాను.

వారం వారం ఆసుపత్రికి వెళ్లేవాళ్లం. నీళ్ల తొట్టిలో నడిపించేవాళ్లు. గాజు తొట్టి, కింద పట్టీ తిరుగుతూ ఉంటుంది, గొట్టం తల మాత్రం నీళ్ల పైన, ముఖం మీద ఎక్కడలేని అవమానం. డాక్టరమ్మ ప్రతిసారీ వేలు నొక్కేది. కాలు లాక్కునేది. తల తిరిగేది కాదు. మొదటి వారం లేదు. రెండో వారం లేదు. మూడూ లేదు.

నాలుగో వారానికి నా పరిస్థితి చెబుతాను విను. అందరిలోకీ నిజం తెలిసింది నా ఒక్కడికే అనుకుంటున్నానా? తోక ఊపడం ఉత్తిదే. ఊపుతున్నది నా వేలు. నేను మీ నాన్నకి రోజుకి అయిదుసార్లు ఉత్త ఆశ వడ్డిస్తున్నాను. ఆరు వారాలయ్యాక డాక్టరమ్మ లేదు అంటే, అప్పుడాయన ఎంత ఎత్తు నుంచి పడతాడు? ఆ ఎత్తుకి ఎక్కించింది ఎవరు? నిచ్చెన మీద నుంచి నేను చాలాసార్లు పడ్డాను కానీ ఇంకొకరిని ఎక్కించి నిచ్చెన లాగెయ్యలేదెప్పుడూ.

ఒక సాయంత్రం చూద్దును కదా, మీ నాన్న పరుపు పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లోకి తీసుకోలేడు, నడుం ఒత్తుకుంటుందని భయం. అందుకని తన చెయ్యి తీసుకెళ్లి దాని వీపు మీద పెట్టాడు. చెయ్యి వణుకుతుంటే గొట్టం ఒళ్లు కూడా కదులుతోంది. అది వెనక్కి తల వాల్చి ఆ చేతిని నాకుతోంది.

నాకు ఆగలేదు. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. "బావా, నీకొక మాట చెప్పాలి."

"ఇప్పుడొద్దు."

"కాదు బావా, ముఖ్యమైనది. ఆ తోక సంగతి..."

"అదే నేనూ అంటున్నాను. టైమైంది. తోక ఊపుతుందో లేదో చూడు పో."

నన్ను చెప్పనిస్తేనా! వెళ్లి మళ్లీ దుప్పటి కింద చెయ్యి పెట్టాను. ఆ పూట నా వేలికి నేనే పరాయివాడిలా అనిపించాను.

అయిదో వారమూ అంతే. ఆరో వారం శుక్రవారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాలి. మీ అమ్మ నీకు ఫోను చేసినప్పుడల్లా వంటింట్లోకి వెళ్లి మాట్లాడేది. మీ నాన్న కుర్చీ వీధి గుమ్మం వైపు తిప్పుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం. అన్నం తిని కళ్లు మూతలు పడుతుంటే గొట్టం దగ్గర చతికిలబడ్డాను. పొట్ట పిండాను. తోక గీరాను. కుడికాలు గిల్లాను, తన్నింది. ఆవులిస్తూ ఎడమకాలి వేళ్ల మధ్య గిల్లాను.

కసుక్కుమంది.

ఏమైందో నాకు అర్థం కాలేదు ముందు. నా చూపుడువేలు గొట్టం నోట్లో ఉంది. బారెడు ఒళ్లు విల్లులా వంచి, వెనక్కి తిరిగి, నన్ను చూస్తూ గుర్రుమంటోంది. దాని కళ్లలో ఎంత కోపం అనుకున్నావు! ఆరు వారాల కోపం.

"బావా! కరిచింది! కరిచింది!"

"ఎవర్ని?"

"నన్నే!"

"ఏం చేశావు దాన్ని?"

"కాలి వేలు గిల్లాను!" అనేశాను. నోరు జారాక కానీ తెలియలేదు.

మీ నాన్న కుర్చీలోంచి లేవలేదు. ఇటు తిరగలేదు కూడా. "ఏ కాలు?" అన్నాడు, మెల్లగా.

"ఎడమది. వెనక ఎడమది బావా."

 అప్పుడు లేచి, గోడ పట్టుకుని వచ్చి, నా పక్కన కూలబడ్డాడు.

"మళ్లీ గిల్లు."

"మళ్లీ కరుస్తుంది బావా!"

"కరవనీ."

గిల్లాను. కరిచింది. ఈసారి రక్తం కారింది. "కుడికాలు" అన్నాడు. అదీ గిల్లాను. తల తిప్పి కుయ్యిమంది, కరవలేదు, నా మీద జాలిపడిందేమో. నా వేల్లోంచి రక్తం కారుతుంటే నేను నవ్వుతున్నాను, మీ నాన్న గొట్టం తల తన మోకాలికి ఆనించుకుని ఏడుస్తున్నాడు. గొంతు లేదు, కన్నీళ్లే. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి చూశాను.

కాసేపటికి అన్నాడు. "నేనా రోజు డాక్టరమ్మతో అన్న మాట ఇది విన్నదంటావా?"

"విన్నా ఏం కాదులే బావా. దీని పొడుగుకి ఆ మాట తల నుంచి తోక దాకా వెళ్లేలోపు మరిచిపోయి ఉంటుంది."

ఆయన కళ్లు తుడుచుకుని నా వేలు చూశాడు. చూసి, తన రుమాలు తీసి, వణికే చేతులతో కట్టడానికి ఎంతసేపు తంటాలు పడ్డాడో! నేను కట్టుకుంటానని అనలేదు. కట్టనిచ్చాను. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లి సూది కూడా వేయించుకున్నాన్లే, అలా చూడకు.

శుక్రవారం వచ్చింది. మీ అమ్మ సెలవు పెట్టింది, అందరం వెళ్లాం. డాక్టరమ్మ నేల మీద కూర్చుని చిమటా తీయగానే గొట్టం దాని వైపు చూసి ముందే గుర్రుమంది. వెనక వేలు నొక్కింది. గిర్రున తిరిగి పళ్లు చూపించింది. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుని, "భలే భలే, బంగారు తల్లీ" అంది, తిట్టినా ముద్దు పెట్టినా ఆవిడ గొంతు ఒకేలా ఉంటుంది కానీ ఆ రోజు కాస్త చీలింది.

"కబురు పైకి వెళ్తోందండీ" అని మీ నాన్నతో చెప్పింది. "ఇక నడక. నెలలు పట్టొచ్చు. నడిచినా కాస్త ఊగుతూనే నడవొచ్చు. ఉచ్చ కూడా తొందర్లోనే దానంతట అదే పోస్తుంది."

"ఊగనివ్వండి" అన్నాడు మీ నాన్న. "నేనూ ఊగుతూనే ఉన్నాను."

అందరూ సంతోషంగా ఉన్నారు. నా ఒక్కడికే మనసొప్పలేదు. మంచి జరిగాక కూడా అబద్ధం అబద్ధమే కదే. లేచి నిలబడ్డాను. చేతులు కట్టుకున్నాను. బడిలో మాస్టారి ముందు కూడా అలా నిలబడలేదు నేను, నిలబడేదాకా ఉంటే కదా.

"బావా, నన్ను క్షమించు. ఆరు వారాలూ నిన్ను మోసం చేశాను. తోక ఊపింది అది కాదు. దుప్పటి కింద నా చెయ్యి ఉంది. కాలు తన్నిందీ నేను గిల్లితేనే. నిలబడింది కూడా దొంగ నిలబడ్డమే. అక్కా, ఉచ్చ కూడా దానంతట అది పోయలేదు, నేనే పిండాను. నువ్వు ఆశ వదిలేస్తావేమోనని... తప్పు నాదే. ఈ అమ్మాయి తప్పేమీ లేదు, తనని ఏమీ అనకండి."

 మీ అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది, ఏడుస్తోందనుకున్నాను. ఈలమ్మాయి పైకప్పు వైపు చూస్తోంది. డాక్టరమ్మ బీరువాలోంచి గొట్టం ఫైలు తీసి నా చేతికిచ్చింది.

"మొదటి కాగితం చదవండి."

"ఆ కోడిగీతలు నాకేం అర్థమవుతాయమ్మా, మీరే చదవండి."

ఈలమ్మాయి తీసుకుని చదివింది. తేదీ చెప్పింది. గొట్టాన్ని ఇంటికి పంపించిన రోజుది, అంటే నేనింకా దుప్పటి కింద చెయ్యి పెట్టక ముందుది.

"ఇంట్లో చేయించవలసిన వ్యాయామం. తోక మొదట్లో గీరడం, రోజుకి అయిదుసార్లు. వెనక వేళ్లు గిల్లడం, రెండు కాళ్లకీ. తువ్వాలుతో నిలబెట్టడం, అయిదు నిమిషాలు. ప్రతిసారీ ముందు పొట్ట ఖాళీ చెయ్యడం. చేసేవారు, బావమరిది."

నేను మీ నాన్న వైపు తిరిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. భుజాలు కదులుతున్నాయి. చేతుల వణుకు భుజాల దాకా వచ్చిందేమోనని హడలిపోయి దగ్గరికి వెళ్లాను. వణుకు కాదే. ఆ మనిషి నవ్వుతున్నాడు!

"ఇంకా ఉంది బాబాయ్" అంది ఈలమ్మాయి. "కింద మీ బావగారు తన చేత్తోనే రాశారు. 'గమనిక: ఇది పని అని వాడికి చెప్పొద్దు. నన్ను మోసం చేస్తున్నాననుకుంటే ఒక్క పూట కూడా మానడు.'"